కందకంలో నీళ్లు

జులై 12, శనివారం. ఇన్వర్‌కార్గిల్.

ఈ పరాయి దేశంలో నేను ఉద్యోగంగా చూసుకునే తొంభై ఏళ్ల డోరతీ గారికి ఈరోజు కొడుకు ఫోన్‌లో ఫొటోలు చూపించాడు. ఇంగ్లండ్‌లో ఆవిడ పెరిగిన పాత జమీందారీ బంగళా అది. వాళ్లమ్మ అక్కడ వంటమనిషి. ఎప్పుడో శత్రువుల భయంతో చుట్టూ కందకం తవ్వించారట. ఆవిడ చిన్నప్పటికి అందులో బాతులే తిరిగేవట.

"నీళ్లేవి?" అని అడిగారు.

"ఎప్పుడో పూడ్చేశారమ్మా," అన్నాడు కొడుకు.

ఆవిడ కళ్లు తుడుచుకుంటుంటే ఉండబట్టలేక, చిన్నప్పుడు నాన్న సైకిల్ మీద తీసుకెళ్లి చూపించిన వరంగల్ కోట కందకం గురించి చెప్పాను.

"అందులో ఇంకా నీళ్లున్నాయా?"

"ఉన్నాయి," అనేశాను.

ఇంటికొచ్చి అక్కకు ఫోన్ చేశాను. "అక్కా, కోట కందకంల నీళ్లున్నయా?"

"ఏమోనే, అటు దిక్కు పోక ఏండ్లయితుంది. ఎందుకు?"

తర్వాత చెప్తానన్నాను. ఒకసారి వెళ్లి ఫొటో తీసి పంపమన్నాను.

నీళ్లు లేకపోతే మాత్రం ఆవిడకు చూపించను.