ఒక్క సంవత్సరం అడ్జస్ట్ చేసుకో

నాయనకు, తడ నుంచి నీ పెద్దపాప నీరజ దండం పెట్టి రాస్తున్నాను.

నేను బాగున్నాను. వేళకు తింటున్నాను, డ్యూటీకి పోతున్నాను, ఒంట్లో ఏమీ లేదు. అమ్మ నడుము నొప్పి ఎలా ఉంది? అవ్వ కాలు కింద పెట్టగలుగుతోందా? ఎర్రావు ఈనిందా? ఇవన్నీ అడగకపోతే నాకు మనసు ఒప్పదు, అందుకే ముందు అడిగేశాను. ఇక అసలు సంగతి. నాకు నీ మీద కోపంగా ఉంది నాయనా. చాలా కోపంగా ఉంది. ఫోన్లో చెబితే సగంలోనే "సరేలే పాపా, అడ్జస్ట్ సేసుకో" అని పెట్టేస్తావు. ఉత్తరానికి అడ్డం రాలేవు కదా, అందుకని రాస్తున్నాను. చెల్లి భారతి చేత చదివించుకోవద్దు. కళ్లజోడు పెట్టుకుని నువ్వే చదువు.

ఇక్కడ ఎండ కంటే ఉక్క ఎక్కువ. పులికాట్ వైపు నుంచి వచ్చే గాలికి ఆరేసిన బట్టలు ఆరనే ఆరవు, తడి బట్టలే వేసుకుని పోతుంటాం. హాస్టల్లో సాంబారు అని పోస్తారు గానీ అందులో పప్పు ఎక్కడుందో వెతుక్కోవాలి. సంగటి తిని ఎన్నాళ్లయిందో. అమ్మను కొంచెం చెనక్కాయ పొడి కొట్టి పెట్టమను.

ఈ కంపెనీకి వచ్చాక నేను నేర్చుకున్న ఇంగ్లీషంతా ఒక్క మాటే. నువ్వు కూడా అదే నేర్చుకున్నావు. ఇద్దరు పట్టే గదిలో నలుగురిని వేసి వార్డెనమ్మ "అడ్జస్ట్ చేసుకోండమ్మా" అంటుంది. నోరు మూసుకోండి అని దానర్థం. కంపెనీ బస్సులో అంటే జరగమని. సూపర్వైజరు శనివారం సాయంత్రం వచ్చి "రేపు కొంచెం అడ్జస్ట్ చేయమ్మా" అన్నాడంటే ఆదివారం సెలవు పోయినట్టే. క్యాంటీన్లో పెరుగు అడ్జస్ట్ చేశాం అంటారు, నీళ్లు పోశారన్నమాట. అదే మేనేజరు బామ్మర్దికి ఆఫీసులో సీటు అడ్జస్ట్ చేశారంటే మాత్రం వాడికి మంచి జరిగిందని. మన మామిడికాయల దగ్గర మండీ వాళ్లు తూకంలో అడ్జస్ట్ చేస్తే నువ్వు ఎంత తిట్టుకుంటూ ఇంటికి వచ్చేవాడివి! తిరుమలకు వచ్చే చుట్టాలంతా మనకు ఫోన్ చేసి "ఒక రూము అడ్జస్ట్ చేయప్పా" అంటారు, వాళ్లు హాయిగా పడుకోవడానికి మనం తిరగాలి. ఒక్క మాట పైనున్న వాళ్లకు ఒకలాగా, కిందున్న వాళ్లకు ఒకలాగా ఎలా మారిపోతుందో చూడు.

మా లైనులో మిషనుకు ఒక మర ఉంటుంది. దాన్ని బిగించడం, వదులు చేయడం, దాన్నే అడ్జస్ట్ చేయడం అంటారు. మిషనుకైతే ఎవరో ఒకరు స్పానరు పట్టుకుని వస్తారు. మేము మాత్రం మా మరలు మేమే తిప్పుకోవాలి.

సెల్వి సంగతే తీసుకో. నా గదిలో ఉండే తమిళ పిల్ల, నువ్వు చూశావు కదా. బాత్రూములో జారి ఎడమ చెయ్యి మీద పడింది. మణికట్టు బూరెలా వాచిపోయింది. సూపర్వైజరు చూసి, "కుడిచెయ్యి బాగానే ఉంది కదమ్మా, ఆర్డర్ అయ్యేదాకా అడ్జస్ట్ చేయి" అన్నాడు. గుడ్డ చుట్టుకుని పనికి పోయింది పిచ్చిది. వాపు తగ్గింది, నొప్పీ తగ్గింది. ఒకరోజు తల దువ్వుకుంటుంటే చూశాను, చెయ్యి వంకరగా ఉంది. దాన్ని తీసుకుని సత్యవేడు మీదుగా బస్సు పట్టుకుని పుత్తూరు వచ్చాను. కట్టు కట్టే పెద్దాయన నీకు తెలిసినవాడని నిన్ను రమ్మన్నాను. ఎండలో బండేసుకుని వచ్చావు.

పెద్దాయన చెయ్యి తడిమి చూసి, "ఎముక అతుక్కునేసిందమ్మా, గాని వంకరగా అతుక్కునింది. ఇప్పుడు మళ్లీ ఇడదీసి కట్టల్ల. అప్పుడే వచ్చింటే ఇంత బాధ ఉండదు" అన్నాడు. నూనె రాసి, రుద్ది, పట్టి లాగేసరికి సెల్వి వేసిన కేక వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. ఆకు పసరు పట్టించి, వెదురు బద్దలు పెట్టి, గుడ్డ చుట్టేదాకా దాని భుజాలు నువ్వే పట్టుకున్నావు. అప్పుడు నీకు వచ్చిన కోపం నేను చిన్నప్పటి నుంచి ఎప్పుడూ చూడలేదు.

"ఎవుడు పాపా నిన్ను అడ్జస్ట్ సేసుకోమనింది? వాని కూతురు సెయ్యి ఇరిగింటే వాడు ఇట్లే అంటాడా? నోరుండాది గదా నీకు, నా వల్ల కాదని సెప్పలేవా?" అని అరిచావు.

నాకు ఎంత గొప్పగా అనిపించిందో తెలుసా? మా నాయన అని సెల్వికి కళ్లతోనే చెప్పుకున్నాను.

తర్వాత బస్టాండులో టీ తాగుతూ, సెల్వి పక్కకు వెళ్లినప్పుడు, నువ్వే నెమ్మదిగా మొదలుపెట్టావు. "భారతికి తిరుపతిలో నర్సింగు సీటు వచ్చుండాది పాపా. వచ్చే సోమవారానికి చేరల్లంట. అవ్వను సూసుకునేదానికి ఇంట్లో మనిషి లేదు గదా, ఒక్క సంవత్సరం అడ్జస్ట్ సేసుకోమన్నా. అది ఒకటే ఏడుస్తా ఉండాది. నువ్వొక మాట సెప్పు దానికి."

అంతలో బస్సు వచ్చింది. సెల్విని ఎక్కించి నేనూ ఎక్కేశాను. నువ్వు సరే అన్నానని అనుకుని ఉంటావు. సరే అనలేదు నాయనా.

నాకు కూడా ఒక్క సంవత్సరమే అని చెప్పావు. అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు, నాకు డిగ్రీ సీటు వచ్చి చేతిలో ఉన్నప్పుడు. ఆవుల దగ్గర మనిషి లేదన్నావు, వంటకు మనిషి లేదన్నావు, వచ్చే ఏడు నేనే తీసుకుపోయి చేరుస్తానన్నావు. అమ్మ లేచి తిరిగింది, ఆవులు ఈనాయి, తమ్ముడు హరికి ఇంటరు అయింది, డిగ్రీ అయింది. నా ఆ ఒక్క సంవత్సరం ఇంకా అయిపోలేదు. నేను అతుక్కున్నాను, నొప్పి కూడా తెలియదు ఇప్పుడు. కానీ వంకరగానే అతుక్కున్నాను. భారతిని అలా కానివ్వను.

అవ్వను వదిలేయమని కాదు. అవ్వంటే నాకు ప్రాణం. స్నానం అమ్మ చేయిస్తుంది. పగలు పక్కన కూర్చుని మాత్ర ఇచ్చి, లేచేటప్పుడు చెయ్యి పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి, అంతే కదా? తిరుపతిలో రూము తీసుకుని పరీక్షలకు చదువుతున్నాడు మన హరి. ఆ పుస్తకాలు అవ్వ మంచం పక్కన తెరుచుకోవా? నర్సింగు ఇంట్లో కూర్చుంటే రాదు, వాడి చదువు వస్తుంది. మనందరికంటే అవ్వ ముద్దు చేసింది కూడా వాణ్ణే.

ఆదివారం ఇంటికి వస్తున్నాను. సూపర్వైజరుకు ముందే చెబితే ఎప్పటిలాగే అడ్జస్ట్ చేయమన్నాడు. "నా వల్ల కాదు సార్" అన్నాను, నువ్వు సెల్వికి చెప్పిన మాటే. ఉద్యోగం పోతుందేమో అనుకున్నాను. ఏమీ కాలేదు, మూతి ముడుచుకుని పోయాడంతే. సోమవారం పొద్దున బస్సుకు భారతిని నేనే తీసుకుపోయి చేరుస్తాను. దాని సర్టిఫికెట్లు తీసి పెట్టు. దానికి ఒక మాట చెప్పమన్నావు కదా, ఏడుపు ఆపమని చెప్తాను, ఆ ఒక్క మాటే.

అమ్మకు, అవ్వకు నా దండాలు. సెల్వి చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది. అప్పా బాగున్నారా అని రోజూ నిన్నే అడుగుతుంది. తన కోసం అంతగా అరిచిన మనిషిని ఇంతవరకు చూడలేదంట. కోపంలో ఎక్కువ రాసి ఉంటే తిట్టు, పడతాను. తిట్టి దీవించు.

ఈ ఉత్తరం మడిచి పెట్టేముందు హరికి ఫోన్ చేయి నాయనా. ఇద్దరు ఆడపిల్లలకు చెప్పిన ఆ మాట, వాడికి ఒక్కసారి చెప్పు. నీ నోటికి వస్తుందో రాదో చూసుకో.

నీ దీవెన కోరే
పెద్దపాప
నీరజ