అగ్గిపెట్టె లేబులు వెనుక ఆయన రాత

కోవిల్‌పట్టి, ఆదివారం రాత్రి

ఇంట్లో బిడ్డ పుట్టినప్పుడల్లా మా ఆయన ఆ ఏటి సినిమా తార బొమ్మ ఉన్న అగ్గిపెట్టె లేబులు ఒకటి దాచేవారు. ఆయన పోయాక అవన్నీ చిందరవందరగా ఉన్నాయని నేనే మైదా జిగురుతో నోటుపుస్తకంలో వరుసగా అంటించాను. వెనక్కి తిప్పి చూడలేదు.

ఈ రోజు మనవరాలు మీనాకు పదిహేనేళ్లు నిండాయి. విరుదునగర్ నుంచి వచ్చీరాగానే, "అవ్వా, నా లేబులు వెనక తాత ఏమో రాసినాడంట. పదిహేను నిండినాక చదవమన్నాడంట," అంది.

నేనొక్కదాన్నే వంటింట్లోకి పోయి, అది పుట్టిన ఏటి తార ఉన్న లేబులు మీద తడిగుడ్డ ఒత్తి లేపాను. కాగితం పొరతో పాటు సిరా ఊడింది. 'మీనా' అన్న పేరొక్కటే మిగిలింది.

"ఏమీ రాయలేదు కన్నూ," అన్నాను.

"తాత మరిచిపోయింటాడులే, పాపం."

ఆయన ఎవరి పుట్టినరోజూ ఏనాడూ మరిచిపోలేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. మీనాకు పాయసం వడ్డించాను.