పూండి డ్యాము చూపించాను

రాహేలూ,

దేవుడు నీళ్ళను చేసింది బాప్తిస్మం ఇవ్వడానికేనా? పోయినేడు పూండి డ్యాము నిండినప్పుడు, చూపించమంటూ నువ్వు నన్నడిగిన మాట ఇది. ఆదివారం పూట షికారేమిటని, వాక్యం చూపించి నీ నోరు మూయించాను. ఆ వానలు వెలిసేలోపే జ్వరంతో పోయావు.

ఈ ఏడూ డ్యాము నిండింది. మీ అమ్మకు కంటిలో పొర ముదిరింది. "ఈ చూపు కూడా పోకముందే, నా బిడ్డ అడిగింది నేనన్నా చూస్తానల్లుడా" అంది. నిన్న తిరువళ్ళూరులో బస్సెక్కించాను. పులిహోర ఆకులో పొట్లం కట్టి తెచ్చింది.

షట్టర్ల దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. జనాన్ని చూస్తే నేను ఆగుతానా? సంచిలోంచి గ్రంథం తీసి, నోవహు కాలపు జలప్రళయం ఎత్తుకున్నాను. మీ అమ్మ నా చొక్కా పట్టి లాగింది.

"సంతోషంగా వచ్చినోళ్ళను ముంచేస్తావేందయ్యా? అది మూసిపెట్టి, నీళ్ళు యాడిదాకా ఉండాయో నాకు చెప్పు."

మూసిపెట్టాను. నీళ్ళు ఎంత దూరం పరుచుకున్నాయో, కొంగలు ఎక్కడ వాలాయో, ఏ షట్టరు కింద నురగ ఎక్కువగా ఉందో ఒక్కొక్కటే చెప్పాను. "తెల్లగా కనిపిస్తా ఉండాది" అంది. చాలాసేపు అటే చూసింది. నీ పక్కన నేనెప్పుడూ అంతసేపు నిలబడలేదు.

ఇవాళ ఆదివారం. ఆరాధనలో ప్రసంగం సగంలో ఆపి చెప్పాను: "అన్నలారా, మీ ఇంటి ఆడవాళ్ళు యాడికన్నా తీసకపొమ్మని అడిగినారా? ఆఖరి పాట నేనొక్కడినే పాడుకుంటా. మధ్యాన్నం బస్సు ఇంకా పోలేదు. లేవండి, ఇప్పుడే తీసకపోండి!"