గాలిలో ఉన్నవాడికి చెప్పని మాట

నెస్టోర్‌కి, ఎల్విరా రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ ఎస్కెల్‌లో వేళకింత తింటూ క్షేమంగా ఉన్నావనుకుంటాను. ఈ ఉత్తరం టపాలో వెయ్యలేదు. ఇంజను లేని మన క్లబ్బు గ్లైడర్లను తాడు కట్టి విమానంతో పైకి లాగే టీటో, ఆ విమానానికి ఏదో భాగం కావాలని ట్రక్కులో అటే వస్తుంటే అతని చేతికిచ్చాను. నీ కాళ్ళు నేల మీద ఉన్నప్పుడే ఇవ్వమన్నాను. కూర్చుని చదువు.

పాపకి ముందుపన్ను ఊడిందా అని అడిగావు. ఊడింది. రొట్టె కొరుకుతుంటే దాంతోపాటు మింగేసింది. మీ నాన్న చేసిన పాత కర్ర గ్లైడర్ మీద టార్పాలిన్ ఉందా అన్నావు. ఉంది. గాలి దాన్ని ఏటిదాకా ఎత్తుకుపోతే ముళ్ళపొదల్లోంచి లాక్కొచ్చి మళ్ళీ కట్టాను. చేతులు గీరుకుపోయాయి, అంతే.

పేపర్లో పడిందా అని కూడా అడిగావు. పడింది. ఇంజను లేకుండా, కొండల గాలి మీద ఒక్క పగటిలో రెండువేల కిలోమీటర్లు దాటిన గ్రింగో దొర అని పెద్ద అక్షరాల్లో వేశారు. ఫోటోలో ఆయన రెక్క మీద చెయ్యేసి నవ్వుతున్నాడు. పక్కన నీ మోచెయ్యి పడింది. పాప ఆ మోచెయ్యిని గుర్తుపట్టి, కత్తిరించి గోడకి అంటించింది. ముందు సీటువాడికి రికార్డు, వెనక సీటువాడికి నడుంనొప్పి. ఆ గాలి ఏ శిఖరం వెనక లేస్తుందో, ఎక్కడ కుదేసి కింద పడేస్తుందో ఆయనకేం తెలుసు? అదంతా నీకు మీ నాన్న నేర్పిన విద్య.

చేతిలో మాతె టీ గిన్నె పట్టుకుని మీ నాన్న చెప్పే తీరు నీకూ గుర్తుండే ఉంటుంది. కాలువలో రాయి తగిలిన నీళ్ళు రాయి దాటాక ఎలా ఎగిరెగిరి పడతాయో, పడమటి గాలి కొండ దాటాక అలాగే ఎగురుతుందనేవాడు. మబ్బులు బోర్లించిన పళ్ళేల్లా పేరుకుంటే ఇక కూర్చోలేకపోయేవాడు. కుర్రాళ్ళు ఎక్కేముందు ఒక్కటే చెప్పేవాడు: "పైన మీ పని మీరు చూసుకోండి. కింద మేం చూసుకుంటాం." తర్వాత మా వైపు తిరిగి, "గాలిలో ఉన్నవాడికి చెడువార్త చెప్పారో, మీ చెవులు పిండుతా. చెయ్యి వణికితే వాడు ప్రాణాలతో దిగడు" అనేవాడు.

నీ ఉత్తరం చివర ఒక ప్రశ్న రాశావు. "మన ఊరి మీద మలుపు తిరిగేటప్పుడు రేడియోలో నాన్నని అడిగితే నువ్వెందుకు పలికావు? గ్రింగో దగ్గర పనికి కుదిరానని ఆయనకింకా కోపమేనా?" అని. దీనికి జవాబు రాయలేకే ఇంతసేపు పన్నూ, టార్పాలినూ అంటూ తిరిగాను.

నెస్టోర్, మీ నాన్న పోయాడు. నువ్వు ఎగిరిన రోజుకి ముందురోజు సాయంత్రం. ఆ కర్ర గ్లైడర్ రెక్కకి గుడ్డ అతికిస్తూ, "ఎల్వీ, జిగురు ఆరిపోతోందే" అన్నాడు. నేను డబ్బా తెచ్చేసరికి నేల మీద కూర్చుని ఉన్నాడు. అంతే.

వెంటనే మీ హోటలుకి ఫోన్ చేశాను. గ్రింగో ఎత్తాడు. విషయం చెప్పాను.

"సెన్యోరా, చాలా బాధగా ఉంది. కానీ అతను పడుకున్నాడు. రేపొచ్చే గాలి మళ్ళీ రాదు. దిగగానే నేనే చెప్తాను."

"లేపండి. రాత్రంతా ప్రయాణం చేస్తే మట్టి వేళకి అందుకుంటాడు."

"గాలిలో ఉన్నవాడికి చెడువార్త చెప్పకూడదని మీ మామగారే అంటారటగా?"

"మంచం మీద ఉన్నవాడు గాలిలో ఉన్నట్టా?"

"ఈ సీజనంతా అతను గాలిలో ఉన్నట్టే, సెన్యోరా" అని పెట్టేశాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు మధ్యాహ్నం శ్మశానంలో ఉన్నాం. టీటో నడుముకి రేడియో అలవాటుగా వేలాడుతోంది. పెట్టె దించుతుంటే నీ గొంతు వచ్చింది. "నెస్టోర్‌ని. ఏడువేల మీటర్లు. నాన్నకి ఇవ్వండి."

అందరూ నా వైపు చూశారు. టీటో రేడియో నా చేతిలో పెట్టాడు. మబ్బుల పళ్ళేల అంచున నువ్వు తెల్లటి గీతలా కనిపించావు. నువ్వు సరిగ్గా మా నెత్తి మీద ఉన్నావు. నోటిదాకా వచ్చింది. మీ నాన్న నోట్లో ఇంకా మన్ను పడలేదు, అప్పుడే ఆయన మాట దాటితే ఎట్లా?

"నాన్న ఇప్పుడు మాట్లాడలేడు. ఇక్కడంతా క్షేమం. మలుపు తిరుగు" అన్నాను.

"కోపమా?" అన్నావు.

"కాదు. తిరుగు."

నువ్వు తిరిగావు. మేం మన్నేశాం.

ఆ రాత్రికల్లా నీకు తెలిసిపోతుందనీ, మర్నాడు బస్సు దిగుతావనీ అనుకున్నాను. రాలేదు. తెలిసీ రాలేదనుకుని నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. పాప వింది. మీ నాన్న కుర్చీని విసురుగా కొట్టంలోకి తోసేశాను. తర్వాత నీ ఉత్తరం వచ్చింది, ఆయన కోపంగా ఉన్నాడా అని అడుగుతూ. అప్పుడు తెలిసింది నీకెవరూ చెప్పలేదని. ఆ మనిషికి తెలుసు, నెస్టోర్. ముందు సీట్లో కూర్చుని, నువ్వు నాన్నని పిలవడం వింటూ, నిన్ను మీ నాన్న గోతి మీదుగా తిప్పించుకున్నాడు. దిగాక నీ భుజం తట్టి ఫోటోకి నిలబడ్డాడు.

మళ్ళీ వారం ఇంకో పెద్ద గాలి వస్తుందనీ, ఈసారి ఇంకా దూరం పోతామనీ రాశావు. ట్రక్కులో టీటో పక్క సీటు ఖాళీగానే ఉంది. ఎందులో ఎక్కుతావో నీ ఇష్టం, నేను బతిమాలను.

పైన మొదటి వరసలో అందరం క్షేమం అని రాశాను కదా. అది ఆ రోజు రేడియోలో చెప్పిన మాటే. నువ్వు నేల మీద ఉన్నావు కాబట్టి మిగతాది రాశాను. మళ్ళీ ఆ వెనక సీట్లోనే ఎక్కితే, పాపకి ఏమైనా, నాకు ఏమైనా, ఇక్కడినుంచి నీకు ఎప్పటికీ ఆ ఒక్క మాటే అందుతుంది.

ఇట్లు,
నేల మీదనుంచి,
నీ భార్య
ఎల్విరా