మూడు కాళ్లకు మూడు మేకులు

బాబాయికి,

ఇక్కడి వడ్రంగి బడి పరీక్షలో నా ముక్కాలి బల్లను పక్కన పడేశారు. అందుకే మీకు రాయక తప్పడం లేదు.

మేకూ జిగురూ లేకుండా కాళ్లు బిగించడమే ఆ పరీక్ష. బల్ల నడిమి స్తంభానికి లోపల వెడల్పుగా, బయట సన్నగా తొలిచిన గాడిలోకి కాలు కింది నుంచి జారి బిగుసుకుంటుంది. ఇంట్లో నేను లేనప్పుడు మీరు మూడు కాళ్లకూ మేకులు దిగ్గొట్టి, కనబడకుండా లప్పం పూశారు. “ఆడపిల్ల అతుకు వదినా, చెయ్యి ఆనిస్తే బోర్లా పడతాం!” అన్నారట, పరీక్ష అయ్యాక అమ్మ వచ్చి చెప్పింది.

మాస్టారు కాలు ఊడదీసి చూడబోతే నడిమి స్తంభం చీలింది. “నీ పని మీద నీకే నమ్మకం లేదా?” అని అందరి ముందూ అడిగారు. అది మీ పనేనని తెలిశాక కూడా, ఇంటి పరువని మీ పేరెత్తలేదు.

మనింట్లో నాకు తప్ప ఇంకెవరికీ చదవడం రాదు కనుక, దీన్ని పక్కింటివాళ్ల చేత గట్టిగా చదివించుకోండి. నాకు మళ్లీ అవకాశం ఇవ్వాలో వద్దో పదో తేదీన తేలుస్తారు. మీరే వచ్చి ఆ మేకులు మీవని మాస్టారితో చెప్పాలి. వస్తారో రారో ఎనిమిదో తేదీలోగా కబురు పెట్టండి.

మీ అన్న కూతురు