ఏడు నెలల తర్వాత విన్న గొంతు

కోరుట్ల, మంగళవారం రాత్రి

ఒకటో తరగతి సబాను ఈరోజు మా బడి మాన్పించారు. టీసీ కోసం వాళ్ళమ్మ సబాను వెంటబెట్టుకుని వచ్చింది. "ఇంట్ల మస్తు ముచ్చట్లు చెప్తది మేడం. గీడ మూగదాని లెక్క కూసుంటదట. ఏం జెయ్యాలె?" అంది. కుర్చీ చూపిస్తూ, చిన్నప్పటి అలవాటుకొద్దీ ఉర్దూలో "బైఠో ఆపా" అన్నాను.

సబా చటుక్కున తలెత్తింది. "అమ్మీ, టీచర్ కూ ఉర్దూ ఆతీ క్యా?"

ఏడు నెలల్లో ఆ పిల్ల గొంతు వినడం ఇదే మొదలు. 'ఆతీ బేటా', వచ్చు తల్లీ, అనాల్సింది పోయి టీసీ తీసి వాళ్ళమ్మ చేతికిచ్చాను.

నాకు ఉర్దూ ఎందుకు రాదు? సిరిసిల్లలో పిన్నిలాంటి పక్కింటి ఖాలా నేర్పింది. ప్రతి మాటా ముందు తెలుగులో చెప్పి, తర్వాత ఉర్దూలో అనిపించేది. తప్పు పలికితే నవ్వి, చేతిలో ఖర్జూరం పెట్టేది. నాకు ఒక్కనాడూ భయం వేయలేదు.

క్లాసులో ఇంగ్లిష్ తప్ప ఇంకో మాట వినబడొద్దన్నది ప్రిన్సిపాల్ సారే. కానీ దాన్ని నా అంత గట్టిగా పట్టుకున్నదెవరు? సబా కళ్ళనిండా నీళ్ళతో నావైపు చూసినప్పుడు కూడా, అదే ఇంగ్లిష్ వాక్యాన్ని ఇంకాస్త గొంతు పెంచి చెప్పాను.

టీసీతోపాటు ప్రోగ్రెస్ కార్డు కూడా మడిచి తీసుకెళ్ళిందామె. 'పిల్ల మాట్లాడదు, చెప్పింది అర్థం చేసుకోదు' అని అందులో ఇంగ్లిష్‌లో రాసింది నేనే. వాళ్ళమ్మకు చదవరాదు. కొత్త బడి టీచర్ మాత్రం సబా మొహం చూడకముందే అది చదువుతుంది.