తీసేయమన్న నాలుగు పేర్లు

నూజివీడు,
6-5-1984

ప్రియమైన బాలశౌరి మాస్టారికి,

క్షేమ సమాచారాలు తర్వాత. ముందు నా గోడు వినండి. వేసవి ఫుట్‌బాల్ టోర్నమెంటుకి మన జట్టు పేర్లు పంపితే కమిటీవాళ్ళు తిప్పి పంపారు. “సరైన వృత్తి, చదువు లేని నలుగురిని” తీసేస్తేనే చేర్చుకుంటారట. పదమూడో తారీఖులోగా చెప్పాలట. ఆ నలుగురూ ఊరవతల పేట కుర్రాళ్ళే, మామిడి తోటల్లో కాయలు కోసేవాళ్ళు. మొదటి పేరు మన గోల్ కీపర్ చిన్నరాయప్పది. అసలు కారణం ఏంటో మీకు నేను చెప్పాలా?

నాన్నగారు కొట్లో రసాల బుట్టలు కట్టిస్తూనే, “తీసేయరా, దానికింత ఆలోచనెందుకు?” అన్నారు. జెర్సీలు కొనిచ్చింది ఆయన. కమిటీలో ఉన్నది ఆయన స్నేహితులు. ఆ నలుగురూ లేకుండా కొత్త జాబితా రాసేశాను మాస్టారూ. పోస్టు చెయ్యలేక జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

తప్పు మీదే. ప్రాక్టీసు అయ్యాక ఆ వాస్కో డ గామా క్లబ్బు కథ ఎందుకు చెప్పారు మాకు? బ్రెజిల్‌లో, రియోలో పోర్చుగీసువాళ్ళు పడవ పందేలకని పెట్టుకున్న క్లబ్బు, నల్లవాళ్ళతో, కూలీలతో ఫుట్‌బాల్ ఆడి లీగ్ గెలిస్తే, పెద్ద క్లబ్బులు ఓర్వలేక కొత్త లీగ్ పెట్టాయి. పన్నెండుమందిని తీసేస్తేనే చేర్చుకుంటామన్నాయి. తియ్యం, మీ లీగే మాకొద్దని ఆ క్లబ్బు ప్రెసిడెంటు ఉత్తరం రాశాడు. సరిగ్గా అరవై ఏళ్ళ కిందట. మీకేం, కథ చెప్పి మైలవరం వెళ్ళిపోయారు. నేను మా నాన్న ఇంట్లో ఉన్నాను. ఈ ఒక్కసారికి ఫర్వాలేదని రెండు ముక్కలు రాయండి, చాలు.

మీ శిష్యుడు,
వెంకటరమణ


మైలవరం,
9-5-1984

చిరంజీవి రమణకి ఆశీస్సులు.

నువ్వడిగిన రెండు ముక్కలు రాసే అర్హత నాకు లేదు. వద్దని చెప్పే అర్హత అంతకన్నా లేదు.

మూడేళ్ళ కిందట ఇదే కమిటీ నన్నూ అడిగింది. అప్పుడు ఒక్క పేరే, చిన్నరాయప్పది. నేను కొట్టేశాను. వాడితో మాత్రం, “నీ మోకాలు బాగాలేదురా, ఈసారికి ఆడకు” అన్నాను. నిక్షేపంలాంటి మోకాలికి వాడు నెల్లాళ్ళు ఆముదం రాసుకున్నాడు, నా కళ్ళ ముందే, గ్రౌండు పక్కన కూర్చుని. ఆ కప్పు మనం గెలిచాం. ఫైనల్లో నువ్వు రెండు గోల్స్ కొట్టావు.

వాస్కో కథ మీకు ఆ తర్వాతే చెప్పడం మొదలుపెట్టాను. అదీ సగమే చెప్పాను. ఆ ఉత్తరం రాశాక పెద్ద క్లబ్బులేం దిగిరాలేదు. ఆ ఏడాదంతా వాస్కో చిన్న జట్లతోనే ఆడింది. ధైర్యానికి ఖర్చుంటుందని చెబితే మీరు భయపడతారనుకున్నాను. భయం నాది. ట్రాన్స్‌ఫర్ కూడా నేనే అడిగి వేయించుకున్నాను, వాడి మొహం రోజూ చూడలేక.

ఈ సంగతి చిన్నరాయప్పకి మాత్రం చెప్పకు. నీకు దణ్ణం పెడతాను.

బాలశౌరి


నూజివీడు,
14-5-1984

మాస్టారికి,

మీ మాట వినలేదు. చిన్నరాయప్పకి తోటలో మీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. కాయలు కోసే చిక్కం కర్ర చేతిలోనే ఉంది. దాంతో నన్ను బాదుతాడేమోనని భయమేసింది.

“నా మోకాలు నాకు తెల్దాండీ?” అన్నాడు. “మాస్టారు ఆ మాట చెప్పేటప్పుడు నా మొకం వంక చూళ్ళేకపోయారండీ. నేను నమ్మకపోతే ఆయన మళ్ళీ గ్రౌండుకి రారని రాసుకున్నానండీ ఆముదం.” చిక్కం చెట్టుకి ఆనించి, “కమిటీ కాగితం సంగతి పేటంతా తెలుసండీ. మరి నాకు ఏ జబ్బుందని చెబుదామనుకున్నారు మీరు?” అని అడిగాడు.

జేబులోని కొత్త జాబితా తీసి చేతికిచ్చాను. పేర్లన్నీ వేలు పెట్టి చదువుకున్నాడు. తన పేరు లేదని తెలిసి కూడా చివరిదాకా చదివాడు. నాకు ఏడుపొచ్చింది మాస్టారూ, ఏడ్చాను.

నిన్న పదకొండు పేర్లూ రాసిన పాత జాబితానే తీసుకెళ్ళి కమిటీకి ఇచ్చాను. ఇదే మా జట్టు, వీళ్ళు లేకపోతే మేమెవ్వరం రామని కింద రాసి సంతకం పెట్టాను. అక్కడికక్కడే మన జట్టుని కొట్టేశారు. నాన్నగారు జెర్సీలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశారు, నాతో మాట్లాడటం లేదు. టోర్నమెంటు మొదలయ్యే ఆదివారమే, ఇరవయ్యో తారీఖు నాలుగింటికి, మేము రెడ్డిగూడెం కుర్రాళ్ళతో మన గ్రౌండులో ఆడుతున్నాం.

మిమ్మల్ని క్షమించాడా అని చిన్నరాయప్పని అడిగాను.

“ఆ ఉత్తరంలో రాసింది నలుగురి ముందూ ఆయన్నే చెప్పమనండి. అప్పుడు చూద్దాం” అన్నాడు.

జవాబు రాయకండి మాస్టారూ. రండి.

వెంకటరమణ